కోసి చూపించిన ఇంజను



ఇంగ్లండులోని యార్క్ నగరంలో, రైల్వే స్టేషనుకు పక్కనే, నేషనల్ రైల్వే మ్యూజియం ఉంది. దాని పెద్ద హాల్లో ఒక ఆవిరి ఇంజను పొట్ట తెరుచుకుని నిలబడి ఉంటుంది. పేరు ఎల్లర్‌మన్ లైన్స్. 1949లో తయారైంది, 1966లో పని మానేసింది. వేల్స్‌లోని బారీ అనే ఊళ్లో, తుక్కు యార్డులో తుప్పు పడుతూ ఉన్న దాన్ని 1974లో మ్యూజియం కోసం తీసుకొచ్చారు. తీసుకొచ్చి, రంగులేసి, తళతళలాడించి ఊరుకోలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉక్కు రేకును కోసేశారు. బాయిలరు, గొట్టాలు, సిలిండరు, పిస్టను అన్నీ బయటికి కనిపించేలా పెట్టారు.

పాత వస్తువును భద్రపరచడమంటే దాన్ని ముట్టుకోకుండా ఉంచడమేనని నమ్మేవాళ్లకు ఈ పని ప్రాణం ఉసూరుమనిపిస్తుంది. ఒకప్పుడు పనిచేసిన ఇంజనును చేజేతులా కోసేశారే అని బాధపడతారు. కానీ ఆ హాల్లో పిల్లలకు ఆవిరి ఇంజను సంగతి చెప్పడానికి అంతకంటే మంచి గురువు దొరకడు.

ఆ కోత వెంట నడిస్తే ఏం కనిపిస్తుంది? వెనకవైపు బొగ్గు మండే ఫైర్‌బాక్సు. అక్కణ్ణుంచి వేడి గాలి, పొగ కలిసి సన్నని గొట్టాల వరుసల గుండా ముందుకు పోతాయి. గొట్టాల చుట్టూ నీళ్లు. ఆ నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఆవిరి సిలిండరులోకి దూరి పిస్టనును ముందుకూ వెనక్కూ తోస్తుంది. పిస్టనుకు తగిలించిన ఉక్కు కడ్డీలు చక్రాలను తిప్పుతాయి. ఇంతవరకు బడి పుస్తకాల్లో ఉన్నదే.

అసలు గమ్మత్తు ఆ తర్వాత ఉంది. పిస్టనును తోసి పని ముగించుకున్న ఆవిరిని ఊరికే గాలికి వదిలేయరు. ఇంజను ముందుభాగంలో, చిమ్నీకి సరిగ్గా కింద, మూతి సన్నబడ్డ ఒక గొట్టం ఉంటుంది. ఆవిరి దాని గుండా చిమ్నీలోకి విసురుగా ఎగజిమ్ముతుంది. ఆ విసురుకు అక్కడి పొగ కూడా పైకి లేచిపోతుంది. పొగ పోయిన చోటు ఖాళీ కాగానే వెనక ఫైర్‌బాక్సులోకి కొత్త గాలి దూసుకొచ్చి మంట భగ్గుమంటుంది. బండి బరువెక్కితే ఆవిరి ఎక్కువ ఖర్చవుతుంది. ఆవిరి ఎక్కువ ఖర్చయితే విసురు పెరుగుతుంది, విసురు పెరిగితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే మళ్లీ ఆవిరి పుడుతుంది. గొట్టం పట్టుకుని ఊదేవాళ్లు అక్కర్లేకుండా తన పొయ్యిని తానే ఊదుకునే యంత్రమన్నమాట. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలాట ఆడుతూ చుక్ చుక్ అంటారే, ఆ చప్పుడు ఇదే. రెండు సిలిండర్ల ఇంజనులో పెద్దచక్రం ఒక్కసారి తిరిగేలోపు అది నాలుగుసార్లు వినిపిస్తుంది.

ఇది తెలిసిన పిల్లవాడు ఆ తర్వాత ఏ ఇంజనును చూసినా చిమ్నీ కిందికి తొంగి చూస్తాడు. యార్క్ మ్యూజియం కొన్నేళ్లుగా చేస్తున్న భారీ మార్పులన్నిటి వెనకా ఉన్న ప్రయత్నం ఆ తొంగిచూపు కోసమే.

ఈ మ్యూజియం పుట్టుక సంగతి కొంచెం చెప్పుకోవాలి. లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే అనే కంపెనీ 1928లోనే యార్క్‌లో ఒక చిన్న రైల్వే మ్యూజియం పెట్టింది. లండన్‌లోని క్లాఫమ్‌లో మరో రవాణా మ్యూజియం ఉండేది. ఈ రెండిటి సంపదనూ కలిపి 1975 సెప్టెంబరులో జాతీయ మ్యూజియం తెరిచారు. అప్పటిదాకా ఇంగ్లండులో జాతీయ మ్యూజియం అన్నది లండన్ దాటి బయటికి రాలేదు. కొత్త భవనం కట్టలేదు. యార్క్‌లో ఇంజన్లు నిలిపే పాత లోకో షెడ్డునే మ్యూజియంగా మార్చారు. ఇంజన్లను తిప్పే టర్న్‌టేబుల్ చుట్టూ ఇంజన్లే నిలబడి ఉండటంతో, చూడవచ్చినవాళ్లకు ప్రదర్శనశాలకు కాకుండా ఏదో షెడ్డుకు వచ్చినట్టే ఉండేది.

1975లో అదే చాలు. ఎందుకంటే బ్రిటన్ ప్రధాన మార్గాల మీద ఆవిరి బండ్ల మామూలు సర్వీసులు ఆగిపోయింది 1968 ఆగస్టులో. మ్యూజియం తెరిచేనాటికి ఏడేళ్లే గడిచాయి. చూడ్డానికి వచ్చిన ప్రతి కుటుంబంలోనూ ఆవిరి బండి ఎక్కినవాళ్లున్నారు. కొందరి ఇళ్లలో డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఫిట్టర్లు ఉన్నారు. పక్కన బోర్డు మీద పేరు, సంవత్సరం రాసిపెడితే సరిపోయేది. మిగతా కథంతా తాతలే మనవలకు చెప్పుకునేవాళ్లు. నూనె వాసన, బొగ్గు మసి, అర్ధరాత్రి డ్యూటీలు, చలికాలం పొద్దున్నే గడ్డకట్టిన నీళ్ల పంపులు అన్నీ ఆ తాతల మాటల్లో ఉండేవి.

అర్ధ శతాబ్దం గడిచింది. ఆ తాతలు లేరు. ఇప్పుడు వచ్చే పిల్లవాడికే కాదు, వాడి తండ్రికి కూడా ఆవిరి బండి అంటే సినిమాలో చూసిందే. ఇంజను అక్కడే ఉంది, బోర్డూ అక్కడే ఉంది, మధ్యలో కథ చెప్పే మనిషి లేకుండా పోయాడు. అందరూ వచ్చి, ఎంత పెద్దదో అనుకుని, ఒక ఫొటో దిగి, బయట కేంటీనులో కేకు తిని వెళ్లిపోతారు. ప్రపంచంలోని చాలా రైల్వే మ్యూజియాలకు వచ్చిన కష్టం ఇదే. జ్ఞాపకం మీద నడిచిన సంస్థకు జ్ఞాపకం ఉన్న ప్రేక్షకులు కరువయ్యారు. వస్తువులు ఎన్ని ఉన్నా ఈ లోటు తీరదు. యార్క్ వాళ్లు ఆ లోటును ఒప్పుకున్నారు. మెచ్చుకోవలసిన మొదటి సంగతి అది.

వాళ్లు చేసినవాటిలో ముఖ్యమైనది వండర్‌ల్యాబ్. 2023 జులైలో తెరిచారు. మ్యూజియం ఆవరణలోనే పాత వర్క్‌షాపు భవనంలో పెట్టారు. అక్కడ చూసి వచ్చేసే వస్తువులు లేవు. తోసి, తిప్పి, కట్టి, పడగొట్టి, మళ్లీ కట్టే ఏర్పాట్లు పద్దెనిమిది దాకా ఉన్నాయి. ఇంజనీరు ఎలా ఆలోచిస్తాడో పిల్లల చేత చేయించి చూపడం దాని ఉద్దేశం. ఊహించు, తయారుచెయ్యి, పరీక్షించు, తప్పితే దిద్దుకో. మరీ చిన్న పిల్లలకు విడిగా ఒక ఆటస్థలం ఉంది. ఎక్స్‌ప్లెయినర్లు అని ప్రత్యేకంగా ఉద్యోగులుంటారు. వాళ్ల పని కాపలా కాయడం కాదు, ముట్టుకోవద్దని అరవడం అసలే కాదు, పిల్లల పక్కన నిలబడి ప్రశ్నలు వెయ్యడం. ఇదే పేరుతో లండన్ సైన్స్ మ్యూజియంలో 2016లో, బ్రాడ్‌ఫర్డ్‌లో 2017లో గ్యాలరీలు వచ్చాయి. రైలు చుట్టూ అల్లింది మాత్రం యార్క్‌లోనే.

ఒక్క మాట చెప్పక తప్పదు. మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. వండర్‌ల్యాబ్‌కు మాత్రం టికెట్టు ఉంది. నిర్వహణ ఖర్చులు ఉంటాయి, నిజమే. కానీ రేపటి ఇంజనీర్ల కోసం పెట్టిన గదికే టికెట్టు పెడితే, టికెట్టు కొనలేని ఇంటి పిల్లలు ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. రైలు ఇంజనీరింగుకు తండ్రిగా పేరుపొందిన జార్జ్ స్టీఫెన్‌సన్ బొగ్గు గనిలో యంత్రం దగ్గర పనిచేసే కార్మికుడి కొడుకు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆయనకు చదవడం, రాయడం రాదు. రాత్రి బడికి వెళ్లి నేర్చుకున్నాడు. యంత్రాలు మాత్రం విప్పి, బిగించి, చేత్తోనే తెలుసుకున్నాడు. అలాంటి పిల్లవాడు ఈ రోజు యార్క్ వస్తే ఆ గదిలోకి వెళ్లగలగాలి.

ఇక భవనాలు. ఆవరణలో స్టేషన్ హాల్ అని ఒకటుంది. 1870ల్లో కట్టిన గూడ్సు స్టేషను అది. పైకప్పు పాడైపోతే 2023 జనవరిలో మూసేసి, బాగుచేసి, లోపలి ప్రదర్శనలను కూడా మార్చి 2025 సెప్టెంబరులో, మ్యూజియానికి యాభై ఏళ్లు నిండిన వేళ, తిరిగి తెరిచారు. మ్యూజియం మెరుగుపడిందంటే జనం కొత్త గ్యాలరీల గురించే రాస్తారు. కారే పైకప్పును బాగుచేయడానికి రెండున్నరేళ్లు పట్టిందన్న వార్తకు పెద్ద అక్షరాలు దొరకవు. అయినా పైకప్పు లేని చోట ఏ చెక్క బోగీ బతకదు.

స్టేషన్ హాలుకూ పెద్ద హాలుకూ మధ్య లీమన్ రోడ్ అనే వీధి ఉండేది. మ్యూజియాన్ని రెండు ముక్కలు చేసిన వీధి. ఆ మధ్యలో సెంట్రల్ హాల్ అనే గుండ్రటి భవనం కట్టి రెండిటినీ కలపాలని ప్రణాళిక. దాని రూపకల్పన కోసం పోటీ పెడితే 2020లో ఫీల్డన్ ఫౌల్స్ అనే వాస్తుశిల్పుల బృందం గెలిచింది. పాత కాలంలో ఇంజన్లు చుట్టూ నిలబడే గుండ్రటి షెడ్డులను, టర్న్‌టేబుల్‌ను తలపించేలా రాగి కప్పుతో గీశారు. అయితే వీధి మూస్తే రోజూ అటు నడిచి, సైకిలు తొక్కి వెళ్లేవాళ్ల మాటేమిటి? స్థానికులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వ్యవహారం బహిరంగ విచారణ దాకా వెళ్లింది. మ్యూజియం తెరిచి ఉన్న వేళల్లో దాని లోపలి నుంచే దారి ఇస్తామన్న హామీ వచ్చింది. ఇంజనీరు కావాలనుకునే పిల్లలకు ఈ తగవు కూడా ఒక ప్రదర్శనగా పెట్టవచ్చు. ఏ వంతెన కట్టాలన్నా, ఏ లైను వెయ్యాలన్నా లెక్కలతోపాటు ఎవరో ఒకరి నడకదారి కూడా అందులో ఉంటుంది.

శ్రోతలు ఇంట్లోనే చేసి చూడగలిగే ఒక పరీక్ష సంగతి ఇప్పుడు చెప్పుకుందాం. రైలు మలుపు ఎలా తిరుగుతుంది? కారు తిరగడం వేరు. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. అందుకని వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల ఏర్పాటు ఉంటుంది. రైలుకు అదేమీ లేదు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటాయి. ఒకటి ఎన్ని చుట్లు తిరిగితే రెండోదీ అన్నే చుట్లు తిరగాలి. మరి బయటి పట్టా పొడవు ఎక్కువ కదా, చక్రం జారకుండా ఎలా పోతుంది?

చాలామంది చక్రానికి లోపలివైపు ఉన్న ఫ్లాంజి, అంటే ఆ ఎత్తైన అంచు, పట్టాను పట్టుకుని తిప్పుతుందనుకుంటారు. అంచు ఉన్నది ఆఖరి కాపలాకు. అసలు కిటుకు చక్రం ఒంపులో ఉంది. రైలు చక్రం పట్టా మీద ఆనే భాగం చదునుగా ఉండదు. ఇరవై పాళ్లకు ఒక పాలు చొప్పున వాలు ఉంటుంది. లోపలివైపు లావు, బయటివైపు సన్నం. మలుపు రాగానే ఇరుసు కొద్దిగా బయటివైపు జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం తన సన్న భాగం మీద దొర్లుతాయి. చుట్లు సమానమే, కానీ లావు భాగం ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. లెక్క సరిపోయింది. మలుపు మరీ గట్టిదైతేనే అంచు పట్టాకు ఒరుసుకుని ఆ కీచుమనే చప్పుడు వస్తుంది.

రెండు కాగితపు టీ కప్పులు తీసుకోండి. మూతికి మూతి ఆనించి అంటించండి. మధ్యలో లావు, అంచుల్లో సన్నం. రెండు పొడవాటి కర్రలను పట్టాల్లాగా కొంచెం ఏటవాలుగా పెట్టి దాని మీద దొర్లించండి. పక్కకు జరిగినా మళ్లీ తనంతట తానే మధ్యకు వస్తూ చివరిదాకా పోతుంది. ఇంకో రెండు కప్పులను అడుగుకు అడుగు ఆనించి అంటించి వదలండి. కొంచెం పక్కకు ఒరిగిందంటే ఆ ఒరుగుడు పెరిగి పడిపోతుంది. రెండిటికీ ఖర్చు నాలుగు కప్పులు. మ్యూజియంలో నిజమైన రైలు చక్రం పక్కన ఇలాంటి ఆట ఒకటి పెడితే, అంత బరువున్న ఆ ఉక్కు చక్రం పిల్లవాడికి అర్థమైన వస్తువవుతుంది.

యార్క్ ఇంజన్లలో అందరూ వెతుక్కునేది మల్లార్డ్. నీలిరంగు, నున్నటి ముక్కు. 1938 జులై 3న గంటకు 126 మైళ్లు, అంటే దాదాపు 203 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తిన ఆవిరి ఇంజను. ఆ రికార్డును ఏ ఆవిరి ఇంజనూ దాటలేదు. బోర్డు మీద ఇంతే రాస్తే చూసినవాళ్లు ఓహో అని వెళ్లిపోతారు. కథలో రేపటి ఇంజనీరు వినవలసినవి వేరే ఉన్నాయి. ఆ పరుగులో మధ్య సిలిండరుకు సంబంధించిన పెద్ద బేరింగు వేడెక్కిపోయింది. అలా వేడెక్కితే డ్రైవరుకు ముందే తెలియాలని దానిలో సోంపులా ఘాటుగా వాసన వేసే ద్రవాన్ని నింపిపెట్టారు. వేడికి అది బయటపడితే ముక్కుకు తెలుస్తుంది. సెన్సర్లు, కంప్యూటర్లు లేని రోజుల్లో ఒక వాసనను హెచ్చరిక గంటగా వాడుకున్నారు. రికార్డు కొట్టిన ఇంజను ఆ రోజు ప్రయాణం పూర్తి చేయలేక పీటర్‌బరోలో ఆగిపోయింది. దాన్ని రూపొందించిన సర్ నైజెల్ గ్రెస్లీ, వేగం నమోదయ్యే కాగితపు చుట్ట మీద ఒక్క క్షణం పాటు కనిపించిన 126ను తన రికార్డుగా చెప్పుకోలేదు. 125 అనే అన్నాడు. లోకం మెచ్చుకుంటున్నా తన కొలతను తానే అనుమానించిన మనిషి ఆయన.

ఆ నున్నటి ముక్కు గురించి రైల్వేవాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. గాలి సొరంగంలో నమూనాను పరీక్షిస్తుంటే పొగ పైకి లేవకుండా డ్రైవరు కళ్లకు అడ్డం పడుతోందట. ఏం చేసినా కుదరలేదు. చివరికి ఎవరి బొటనవేలో తగిలి చిమ్నీ వెనక మెత్తటి మట్టి కొద్దిగా నొక్కుకుపోయింది. తర్వాతి పరీక్షలో పొగ చక్కగా పైకి లేచిపోయిందట. ఇంజను ఆకారంలో ఆ నొక్కును అలాగే ఉంచేశారు.

రాకెట్ అనే ఇంజను కథ కూడా ఇలాంటిదే. 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ దగ్గర లివర్‌పూల్–మాంచెస్టర్ రైల్వే వాళ్లు ఇంజన్లకు పోటీ పెట్టారు. బహుమతి 500 పౌన్లు. స్టీఫెన్‌సన్‌ల రాకెట్ గెలిచింది. గెలుపుకు పెద్ద కారణం బాయిలరు. ఒకే పెద్ద గొట్టం బదులు 25 రాగి గొట్టాలు పెట్టారు. కంద గడ్డను ముక్కలుగా తరిగితే తొందరగా ఉడుకుతుంది కదా, వేడి తగిలే మేర పెరిగితే నీళ్లూ తొందరగా మరుగుతాయి. ఆ ఆలోచన ఇచ్చిన హెన్రీ బూత్ ఇంజనీరు కాడు, రైల్వే కంపెనీ కోశాధికారి. మరో విశేషం. ఇప్పుడు మిగిలి ఉన్న అసలు రాకెట్, బొమ్మల్లో చూసే రాకెట్‌లా ఉండదు. ఏటవాలుగా ఉన్న సిలిండర్లు పరుగులో ఇంజనును ఊపేస్తున్నాయని, గెలిచిన కొద్దికాలానికే వాటిని కిందికి దించేశారు. బహుమతి పొందిన యంత్రాన్ని కూడా అలాగే పూజలో పెట్టకుండా విప్పి మార్చారు.

మ్యూజియంలో జనం కంటికి ఎక్కువగా కనిపించని సంపద ఒకటుంది. కాగితాలు. ఇంజన్ల అసలు డ్రాయింగులు. బ్రిటన్‌లో పెప్పర్‌కార్న్ ఎ1 అనే రకం ఇంజన్లు 49 తయారయ్యాయి. 1966 నాటికి ఒక్కటి కూడా మిగలకుండా తుక్కుకు వెళ్లిపోయాయి. 1990లో కొందరు ఔత్సాహికులు ట్రస్టుగా ఏర్పడి యాభయ్యవది తయారుచేద్దామనుకున్నారు. మామూలు జనం నెలనెలా కొంత చొప్పున ఇచ్చిన చందాలే దానికి ఆధారం. ఆ ఇంజను అసలు డ్రాయింగులు యార్క్ మ్యూజియం భాండాగారంలో ఉన్నాయి. వాటిని పట్టుకుని డార్లింగ్టన్‌లో, పాత రైలు పెట్టెల కర్మాగారంలో పని మొదలుపెట్టారు. పెద్ద బాయిలరు చేయగలిగినవాళ్లు జర్మనీలోని మైనింగెన్‌లో దొరికారు. దాదాపు 30 లక్షల పౌన్ల ఖర్చుతో 2008లో టోర్నడో అనే ఇంజను పట్టాల మీదికి వచ్చింది. 1960లో తయారైన ఈవెనింగ్ స్టార్ తర్వాత బ్రిటన్ ప్రధాన మార్గాల కోసం కట్టిన మొదటి కొత్త ఆవిరి ఇంజను అదే. 2017లో పరీక్షా పరుగులో గంటకు వంద మైళ్ల వేగాన్ని అందుకుంది. భాండాగారంలో ఎవరో క్లర్కు ఆ కాగితాలను పాతవని పారేసి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

యార్క్‌కు ఉత్తరంగా షిల్డన్ అనే చిన్న ఊరుంది. 1825 సెప్టెంబరు 27న స్టాక్‌టన్–డార్లింగ్టన్ రైలు మార్గం తెరిచిన రోజున ఇంజను బండిని లాక్కుని బయల్దేరింది అక్కణ్ణుంచే. తరతరాలుగా ఆ ఊరు రైలు మీదే బతికింది. 1984లో అక్కడి వ్యాగన్ల కర్మాగారం మూతపడింది. ఊరికి అది మామూలు దెబ్బ కాదు. 2004లో అదే ఊళ్లో లోకోమోషన్ అనే మ్యూజియం వచ్చింది, జాతీయ మ్యూజియానికి శాఖగా. 2024 మే నెలలో దానికి ఇంకో పెద్ద హాలు చేరింది. ఖర్చు 80 లక్షల పౌన్లు. 47 ఇంజన్లు, వాహనాలు పట్టేంత చోటు. అసలు రాకెట్‌ను కూడా 2023లో యార్క్ నుంచి షిల్డన్‌కే తరలించారు. పెద్ద నగరాలే అన్నీ ఉంచుకోకుండా, పని పోగొట్టుకున్న ఊరికి దేశంలోని ముఖ్యమైన వస్తువును ఇవ్వడం న్యాయమైన పని.

షిల్డన్‌కు కొద్ది దూరంలో హైయింగ్టన్ స్టేషను ఉంది. 1825లో ఆ మొదటి బండిని లాగిన లోకోమోషన్ ఇంజనును ముక్కలుగా బండ్ల మీద తెచ్చి, బిగించి, మొదటిసారి పట్టాల మీద నిలబెట్టింది ఆ చోటి దగ్గరే. ఇప్పుడు ఆ స్టేషను పక్కన, న్యూటన్ ఐక్లిఫ్‌లో, జపాను కంపెనీ హిటాచీ రైళ్ల కర్మాగారం ఉంది. 2015లో మొదలైంది. మ్యూజియం చూసి బయటికి వచ్చిన పిల్లకు, ఈ పని నేర్చుకుంటే ఎక్కడ చేయాలి అన్న ప్రశ్నకు జవాబు కొద్ది మైళ్ల దూరంలో కనిపిస్తుంది. చరిత్రకూ ఉద్యోగానికీ ఇంత దగ్గర చుట్టరికం దొరకడం ఆ ప్రాంతపు అదృష్టం.

అలాంటి చుట్టరికం తెలుగు నేలకూ ఉంది. దాన్ని చూపించే చోటు సరైనది ఇంకా ఏర్పడలేదు.

ఢిల్లీ చాణక్యపురిలో ఉన్న జాతీయ రైలు మ్యూజియానికి 1971 అక్టోబరు 7న శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి. రాష్ట్రపతి హోదాలో చేసిన పనే అయినా, ఆ పనికి ఆయన కంటే తగినవారు లేరు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన గిరి, అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపనలో ఉన్నవారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెకు 1928లో నాయకత్వం వహించినవారు. మ్యూజియం 1977 ఫిబ్రవరి 1న తెరుచుకుంది.

మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి బండి మామూలు సర్వీసు 1995 డిసెంబరులో ముగిసింది. బ్రిటన్‌కు 1975లో ఉన్న అవకాశం, అంటే ఆవిరి బండి నడిపినవాళ్లు బతికి ఉండగానే మ్యూజియం నడిపే అవకాశం, మనకు ఇంకా కొంత మిగిలే ఉంది. కానీ మనం ఏం చేస్తున్నాం? స్టేషన్ల ముందు, రైల్వే ఆఫీసుల ముందు సిమెంటు దిమ్మ కట్టి, పాత ఇంజనుకు నల్లరంగు, ఎర్రరంగు వేసి నిలబెడుతున్నాం. చుట్టూ గొలుసు కడుతున్నాం. కారు దిగినవాళ్లు దాని ముందు ఫొటో దిగుతున్నారు. యార్క్ యాభై ఏళ్లు నడిచి వచ్చి పొరపాటని తెలుసుకున్న చోట మనం ఇంకా ఆగి ఉన్నాం.

చూపించడానికి మన దగ్గర ఏమీ లేదా? సికింద్రాబాదుకు 1874లో వాడి అనే ఊరి నుంచి రైలు వచ్చింది. 1893 నుంచి లాలాగూడ వర్క్‌షాపు ఉంది. రైల్వే సిగ్నలింగు, టెలికాం ఇంజనీర్లకు దేశం మొత్తానికీ శిక్షణ ఇచ్చే సంస్థ 1957 నుంచి సికింద్రాబాదులోనే నడుస్తోంది. ఎదురెదురుగా వచ్చే బండ్లను తనంతట తానే ఆపే కవచ్ వ్యవస్థను ముందుగా పరీక్షించింది దక్షిణ మధ్య రైల్వే పట్టాల మీదే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి చూపించారు. రైల్వే మంత్రి ఉన్న ఇంజను రెండో దానికి 380 మీటర్ల దూరంలో దానికదే ఆగిపోయింది. ఆ పరికరాలు తయారుచేసే కంపెనీల్లో మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాదువే. చక్రం ఒంపు దగ్గర మొదలుపెట్టి కవచ్ దాకా ఒకే కథగా చెప్పగలిగిన ఊరు దేశంలో ఇంకొకటి చెప్పమంటే కష్టం. ఆ కథకు ఒక ఇల్లు కావాలి. కోసిన ఇంజను ఒకటి కావాలి. పిల్లలు తిప్పి చూసే, బండి దారి మార్చే పాయింట్లు, లాగి చూసే సిగ్నలు లీవర్లు కావాలి. వాటి పక్కన నిలబడి ప్రశ్నలు వేసే మనుషులు కావాలి.

కోస్తాలో బిట్రగుంట ఉంది. మద్రాసుకూ బెజవాడకూ ఇంచుమించు సగం దారిలో, ఆవిరి కాలంలో ఇంజన్లు మారే చోటు. పెద్ద లోకో షెడ్డు, రైల్వే కాలనీ, ఆ షెడ్డు మీదే బతికిన ఊరు. ఆవిరి పోయాక షెడ్డు పనీ పోయింది. యార్క్ మ్యూజియం మొదలైంది అలాంటి లోకో షెడ్డులోనే, షిల్డన్ మ్యూజియం నిలబడింది అలాంటి ఊళ్లోనే అన్నది మన రైల్వే అధికారులు, పర్యాటక శాఖవాళ్లు ఒక్కసారి పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

భవనం కట్టడానికి నిధులు రావాలి, ఫైళ్లు కదలాలి, ఏళ్లు పడుతుంది. అంతకంటే ముందే చేయవలసిన పని ఒకటుంది. దానికి నిధులు అక్కర్లేదు. బిట్రగుంటలో, కాజీపేటలో, గుంతకల్లులో, వాల్తేరులో బొగ్గు వేసిన ఆఖరి తరం ఫైర్‌మన్లు, ఇంజను మోత విని జబ్బు ఎక్కడుందో చెప్పగలిగిన ఫిట్టర్లు ఇప్పుడు వృద్ధులు. వాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఈ ప్రసంగం వింటున్న ఇంజనీరింగు విద్యార్థులు, బడి పంతుళ్లు, రైల్వే కుటుంబాల మనవలు, మనవరాళ్లు దయచేసి ఒక ఆదివారం వాళ్ల దగ్గర కూర్చోండి. చేతిలో ఫోను ఉంటుంది కదా, రికార్డింగు నొక్కి పక్కన పెట్టండి. బొగ్గు పార ఎలా పట్టేవారు, నిప్పు రంగు చూసి ఏం తెలుసుకునేవారు, బాయిలరులో నీళ్లు తగ్గితే ఏం చేసేవారు, ఒక్కొక్కటే అడగండి. వాళ్ల ఇళ్లలో పాత డ్రాయింగులు, షెడ్డు రిజిస్టర్లు, వర్కింగ్ మాన్యువళ్లు ఉంటే పాత కాగితాల వాడికి వెయ్యనివ్వకండి. ఎప్పటికైనా తెలుగు నేల మీద రైలు మ్యూజియం ఒకటి సరిగ్గా వస్తే, అందులో మొదట పెట్టవలసినవి అవే.